గోడకు ఉత్తరం కొన

చిన్న మంగళారం,
మొయినాబాద్ మండలం.
జూన్ 13, 1999

గౌరవనీయులైన దయానందం మాస్టారుకు, సత్తమ్మక్కకు ప్రభాకర్ నమస్కరించి రాయునది.

నేను క్షేమంగా ఇల్లు చేరాను. మెహదీపట్నంలో బస్సెక్కి మొయినాబాద్‌లో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఊరికి వచ్చాను. పద్నాలుగు నెలలకే రోడ్డు గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. జొన్న చేలకు ఇనుప కంచెలు వేశారు. నాలుగడుగులకొక ఫామ్‌హౌస్ ప్లాట్ల బోర్డు. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్లు ఆదివారాలు కార్లలో వచ్చి భూములు చూసుకుపోతున్నారని ఆటోలో పక్కనున్నాయన చెప్పాడు.

మా బాపు బుచ్చయ్యకు సముద్రం సంగతి ఎంత చెప్పినా తనివి తీరడం లేదు. "గండిపేట చెరువంత ఉంటదా?" అని అడిగాడు. అవతలి ఒడ్డు కనపడదని చెప్పాను. "ఒడ్డు కనపడని నీళ్లకు గోడ ఎట్ల కట్టిన్రు బిడ్డా?" అన్నాడు. ఎనిమిది వందల మీటర్ల గోడ గురించి నా చేతులతో గాలిలో గీసి చూపించాను. సైటు సూపర్‌వైజర్ అంటే ఏం పనో ఆయనకు ఇవాళే అర్థమైనట్టుంది.

నాకు మలేరియా వచ్చినప్పుడు అక్క తొమ్మిది రోజులు గంజి కాచి పోసిన సంగతి విని మా అమ్మ అంతమ్మ కళ్లొత్తుకుంది. "గా అక్కను ఒక్కసారి మన ఇంటికి తోలుకరా" అంటోంది. కిరాయికి గది అడగడానికి వచ్చినవాణ్ని ఇంట్లో మనిషిని చేసుకున్నారు మీరు. ఆ ఋణం తీర్చుకోలేనిది.

ఈ వానాకాలం గోడకు మొదటి పరీక్ష. బడి ఎలా ఉందో రాయండి. పనిలో పనిగా గోడకు ఉత్తరం కొన దగ్గర ఇసుక ఎంతవరకు ఉందో కూడా ఒకసారి చూసి రాయండి. ఊరికే, తెలుసుకుందామని.

మీ తమ్ముడు,
ప్రభాకర్


నూకలపాలెం,
తూర్పు గోదావరి జిల్లా.
ఆగస్టు 22, 1999

చిరంజీవి ప్రభాకర్‌ను దీవించి దయానందం రాయునది.

తమ్ముడూ, నీ ఉత్తరం బడిలో అందుకున్నాను. పిల్లల చేత చదివించాను. నీ పేరు వినగానే "రాళ్ల సారు, రాళ్ల సారు" అని ఒకటే గోల.

మొన్న అమావాస్య పోటుకు సముద్రం బాగా లేచింది. పోయినేడు ఇదే పోటుకు బడి వంటగది కూలిందని నీకు తెలుసు. ఈసారి అల వచ్చి గోడకు కొట్టుకుని తాటిచెట్టంత ఎత్తు ఎగిరింది గాని లోపలికి చెంబెడు నీళ్లు రాలేదు. ఊరంతా గోడ మీద నిలబడి చూశారు. ముసలి మల్లప్ప గోడకు కొబ్బరికాయ కొట్టాడు. "ఇంక నా మనవడు కూడా ఈ బడిలోనే సదువుతాడండి మాస్టారూ" అన్నాడు.

నువ్వు అడిగావు కనుక చూసి వచ్చాను. ఉత్తరం కొన దాటాక ఒడ్డు కాస్త లోపలికి ఒంగింది. ఇరవై ముప్పై అడుగులు ఉండొచ్చు. మన గోడ ముందు ఇసుక కూడా సన్నబడింది. నావలు లాక్కోవడానికి చోటు చాలక మనవాళ్లు ఉత్తరాన పక్కూరు గంగమ్మపేట వైపు తీసుకెళ్లి పెడుతున్నారు. వానాకాలం కదా, మామూలే అనుకుంటున్నాం. నీకేమైనా అనుమానమా?

మీ అక్క తన పుట్టింటికి వెళ్లి వచ్చింది. ఆమె అన్న, మా బావ కృష్ణయ్య, నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు. రాళ్ల లారీల కోసం గంగమ్మపేట సరుగుడు తోటలోంచి దారి ఇచ్చింది ఆయనే కదా. దారి మళ్లీ పూడ్చి మొక్కలు నాటాడట. ఆ రోజు గోడకు ఒప్పుదల సంతకాలప్పుడు నువ్వు మా పక్కన నిలబడకపోతే వాళ్లు ఒప్పుకునేవారు కాదు. నా మాట మీద సగం, నీ చదువు మీద సగం నమ్మారు.

నీ పెళ్లి మాటలేవైనా నడుస్తుంటే దాచకు.

ఆశీస్సులతో,
దయానందం


చిన్న మంగళారం.
అక్టోబర్ 30, 1999

మాస్టారుకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది, మన్నించండి. నాకు పని దొరికింది. మా మండలంలోనే ఉన్న హిమాయత్‌నగర్ అనే ఊరి దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్దాయన ఆరెకరాలలో ఫామ్‌హౌస్ కడుతున్నాడు. మొత్తం పని నా చేతిలోనే ఉంది. తెల్లారి వెళితే దీపాలు పెట్టేవేళకు ఇంటికి రావడం.

ఇసుక గురించి మీరు ఫికర్ పడకండి. మాఘమాసానికి సముద్రం నెమ్మదిస్తుంది, పోయిన ఇసుక తిరిగి వచ్చి పడుతుంది. ఇది ఎక్కడైనా ఉండేదే. కృష్ణయ్య గారికి కూడా అదే చెప్పండి.

అక్కను అడిగానని చెప్పండి.

ప్రభాకర్


నూకలపాలెం.
ఫిబ్రవరి 20, 2000

చిరంజీవి ప్రభాకర్‌కు,

మాఘపౌర్ణమి స్నానాలు నిన్నటితో అయ్యాయి. ఇసుక రాలేదు తమ్ముడూ.

గోడ ముందు ఇప్పుడు ఒడ్డన్నదే లేదు. ఆటు సమయంలో కూడా నీళ్లు రాళ్లను తాకుతూనే ఉన్నాయి. నావ లాగడానికి చోటు లేదు. ఊరంతా కలిసి ఒడ్డున నిలబడి లాగే పెద్దవల కార్తీకం నుంచి ఇంట్లోనే ఉంది. నిలబడడానికి ఇసుక ఉంటే కదా. ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకోవడానికి బడి ఆవరణలోకి వస్తున్నారు. పాఠం చెబుతుంటే కాకులు. పొమ్మని అనలేను.

ఇది మా సంగతి. మా బడి నిలబడింది, మా ఇళ్లు నిలబడ్డాయి, అంతవరకు మాకు అన్యాయం జరగలేదు. అసలు సంగతి గంగమ్మపేటది.

డిసెంబర్‌లో మొదలైంది. గోడ ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచి సముద్రం ఊరి వైపు తిరిగింది. రొట్టెను అంచు నుంచి కొరికినట్టు కొరుకుతోంది. ముందు సరుగుడు తోట పోయింది. కృష్ణయ్య నాటిన మొక్కలు వేళ్లు పైకి తేలి ఒడ్డున పడ్డాయి. జనవరిలో తొమ్మిది ఇళ్లు, ఈ నెల ఐదు. పద్నాలుగో ఇల్లు కృష్ణయ్యది. తెల్లవారుజామున పోటు మీద నీళ్లు వచ్చాయి. వంటింటి గోడ కూలేలోపు బియ్యం డబ్బా, వలలు బయటికి తెచ్చుకోగలిగారు. మీ అక్క అక్కడే ఉంది, చీర మోకాళ్ల దాకా తడిసి. తను పుట్టిన ఇంటి గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకుంది.

ఆ మధ్యాహ్నం కృష్ణయ్య మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లో నిలబడి, "బావా, ఏటైనా అవుద్దా అని ఆ రోజు నేను అడిగాను. నీ పక్కనున్నాయన ఏం కాదన్నాడు. నువ్వు తలూపేవు. నీకు తెలుసా తెలీదా, అది చెప్పు చాలు" అన్నాడు.

నాకు తెలియదన్నాను. ఆయన నమ్మినట్టు లేడు. మీ అక్క కూడా నమ్మినట్టు లేదు. ఆ సాయంత్రమే బట్టలు మూట కట్టుకుని అన్నతోపాటు వెళ్లింది. వాళ్లు తుపాను షెల్టర్‌లో ఉంటున్నారు.

తమ్ముడూ, నువ్వు చదువుకున్నవాడివి, ఆ గోడను రాయి రాయిగా పేర్చినవాడివి. ఇలా ఎందుకు జరిగిందో రాయి. ఒకసారి రాగలిగితే మరీ మంచిది. వాళ్లకు నీ నోటితోనే చెబుదువు గాని.

దయానందం


చిన్న మంగళారం.
మార్చి 19, 2000

మాస్టారుకు నమస్కారాలు.

కృష్ణయ్య గారి ఇంటి విషయం చదివి బాధపడ్డాను. ఇక్కడ స్లాబు పనులున్నాయి, ఇప్పట్లో రాలేను.

సముద్రం ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు చేయాల్సిందొకటే. గోడను ఉత్తరానికి ఇంకో కిలోమీటరు పొడిగించమని గంగమ్మపేట వాళ్ల చేత దరఖాస్తు పెట్టించండి. ఎలా రాయాలో వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. కొలతల చోట ఖాళీ వదిలాను. మా కంపెనీ పాత కాగితాలు మీ బడి సామాన్ల గదిలో ట్రంకు పెట్టెలో ఉన్నాయి, వాటిలో గోడ నమూనా ఉంటుంది. అందులోంచి తీసుకుని నింపండి. మిగతా కాగితాలు పనికొచ్చేవి కావు.

అక్క కోపం తగ్గుతుంది. ధైర్యంగా ఉండండి.

ప్రభాకర్


నూకలపాలెం.
జూలై 9, 2000

శ్రీ ప్రభాకర్ గారికి,

మీరు చెప్పినట్టే ట్రంకు పెట్టె తెరిచాను. గోడ నమూనా దొరికింది. దాని కింద నీలం అట్ట నోటుబుక్కు కూడా దొరికింది. చేతిరాత చూడగానే పోల్చుకున్నాను. ఈ రాతలో నాకు మూడు ఉత్తరాలు వచ్చాయి.

అందులో ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. మీరు మరిచిపోయి ఉంటే గుర్తు చేసుకోవడానికి.

"జనవరి 20. గోడ రెండు వందల మీటర్లు పూర్తి. ఉత్తరం కొన దాటాక నేను పాతిన కర్రల్లో నాలుగు కొట్టుకుపోయాయి. రెండు నెలల్లో ఒడ్డు తొమ్మిది మీటర్లు వెనక్కి. గోడ పూర్తయితే గంగమ్మపేట ముందువరస ఇళ్లు మూడేళ్లు కూడా ఆగవు. గోడ ముందు ఇసుక కూడా నిలవదు. ఇంజనీరు సార్‌కు చెప్పాను. రాసిపెట్టకు అన్నారు."

"ఫిబ్రవరి 7. గంగమ్మపేట పెద్దలు సంతకాలు పెట్టారు. కృష్ణయ్య కొబ్బరి బోండాలు కొట్టించి ఇచ్చాడు. ఊరికి ఏమైనా అవుతుందా అని అడిగాడు. ఏం కాదని చెప్పాను. మాస్టారు సంతోషంగా ఉన్నారు."

ఈ రెంటికీ మధ్య పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజులూ మీరు మా ఇంట్లో పడుకున్నారు. మీకు జ్వరం వచ్చింది ఆ రోజుల్లోనే. మీరు మూలుగుతుంటే నా భార్య తడిగుడ్డ వేసింది. తన పుట్టింటికి ఏం జరగబోతోందో తెలిసిన మనిషి నుదుటి మీద.

కిందటేడు మీరు ఉత్తరం కొన దగ్గర ఇసుక చూసి రాయమన్నప్పుడు, ఎంత దూరాన ఉన్నా మా మీద ఎంత ధ్యాసో అనుకున్నాను. ఆ మాట పిల్లలకు కూడా చదివి వినిపించాను.

మాఘమాసంలో ఇసుక వస్తుందని మీరు రాస్తే, నేను గంగమ్మపేట వెళ్లి, ఇల్లు ఖాళీ చేద్దామనుకుంటున్నవాళ్లను ఆపాను. మీ ఉత్తరం చూపించి మరీ ఆపాను.

ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు అబద్ధమాడకూడదని చెబుతున్నాను. నేను ఆడలేదు. అయినా నా నోటి నుంచే అబద్ధం చెప్పించారు.

దరఖాస్తు ఇంకా నా దగ్గరే ఉంది. కృష్ణయ్య అరవై సంతకాలు సేకరించాడు. ఇప్పుడు నేనేం చేయాలో మిమ్మల్ని అడగడం లేదు.

ఇట్లు,
డి. దయానందం,
ప్రధానోపాధ్యాయుడు


చిన్న మంగళారం.
సెప్టెంబర్ 10, 2000

మాస్టారుకు,

నమస్కారాలు అని రాసే ముఖం లేదు. మీ ఉత్తరం వచ్చి రెండు నెలలవుతోంది. నాలుగుసార్లు జవాబు రాసి చించేశాను. ప్రతిసారీ తప్పు ఇంజనీరు సార్ మీదికో సముద్రం మీదికో పోతోంది.

నాకు తెలుసు. అది ముందు రాయాలి. తెలిసే అబద్ధం చెప్పాను.

అల ఇసుక మీదికి ఎక్కి జారేటప్పుడు దాని బలం పోతుంది. అదే రాతిని కొడితే ఆ బలమంతా వెనక్కి తిరిగి గోడ కాళ్ల కింది ఇసుకను ఊడ్చుకుపోతుంది. అందుకే మీ ఒడ్డు పోయింది. మీ తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. నూకలపాలెం ఒడ్డు ఏటా కాస్త కరిగితే ఆ ఇసుకే గంగమ్మపేటకు చేరేది. గోడ కట్టి దాన్ని ఆపాం. సముద్రం ఆకలి ఆగలేదు, పక్కవాకిలికి వెళ్లింది. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. కర్రలు పాతి, రోజూ పొద్దున కొలిచి తెలుసుకున్నాను.

ఇంజనీరు సార్ నాతో, "ఇప్పుడు నోరు తెరిస్తే పని ఆగుద్ది, నీ ఉద్యోగం కూడా. ఆ బడి ఈ వానాకాలం దాటదు. నీ ఇష్టం" అన్నాడు. నేను బడి గురించే ఆలోచించానని నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజం. ఇంకొంత మీకు చెప్పాలి. ఆ రోజు గంగమ్మపేటలో అంతమంది పెద్దవాళ్లు నా ముఖం వైపు చూస్తూ నిలబడ్డారు. మా ఊళ్లో పటేళ్ల ముందు మా బాపు మాటకు విలువ ఉండేది కాదు. అక్కడ నా మాట మీద ఒక ఊరు సంతకం పెడుతోంది. ఆ క్షణంలో తెలియదు అనో, అవుతుంది అనో అనబుద్ధి కాలేదు. అంత చిన్న కారణం.

దరఖాస్తు సలహా కూడా అలాంటిదే. గోడ పొడిగిస్తే కోత ఉత్తరాన అవతలి ఊరికి జరుగుతుంది. మీరు నన్ను అడగడం మానేస్తారని ఆ సలహా ఇచ్చాను.

ఇప్పుడు ఇక్కడి సంగతి. ఫామ్‌హౌస్ అంచున గండిపేటలోకి పోయే వాగు ఉంది. వాగు మలుపులో మట్టి కొట్టుకుపోతోందని యజమాని రాతిగోడ కట్టమన్నాడు. కట్టాను. ఎదుటి ఒడ్డున భిక్షం అనే రైతు టమాట చేను ఉందని చూశాను. ఎప్పటిలాగే చూసి ఊరుకున్నాను. ఆగస్టు చివర వానలకు వాగు గోడను కొట్టి ఎదుటికి తిరిగింది. భిక్షం ఎకరన్నరలో పైమట్టి మొత్తం పోయింది. కింద పంట పండని మొరం తేలింది.

భిక్షం మా ఇంటికి వచ్చాడు. కొట్లాడలేదు. "నువ్వు చదువుకున్నోనివి గద, నీకు ఎర్కలేదా ప్రభాకర్?" అన్నాడు. మీ బావ అడిగిన ప్రశ్నే అది. వేరే యాసలో వినిపించింది, అంతే.

అతను వెళ్లాక మా బాపు అడిగాడు. మీ ఉత్తరం తీసి చదివి వినిపించాను. అమ్మ మధ్యలోనే లేచి వెళ్లింది. బాపు ముట్టించబోయిన బీడీని మళ్లీ కట్టలో పెట్టి అడిగాడు.

"గా అక్క నీకు గంజి పోసిన రోజులేనా?"

"అవును బాపు."

"మరి గీడ కూసొని నాకు చదివి వినిపిస్తే ఏమొస్తది? ఆడికి పోయి చెప్పు."

మీరు రమ్మంటే వస్తాను. రావద్దంటే నోటుబుక్కులో రాసినదంతా నిజమని సంతకం పెట్టి పంపుతాను. క్షమించమని అడగడం లేదు.

ప్రభాకర్


నూకలపాలెం.
అక్టోబర్ 2, 2000

ప్రభాకర్ గారికి,

నాకు చెప్పింది చాలు. సంతకం పెట్టింది గంగమ్మపేట వాళ్లు. ఆ రోజు ఏ పందిట్లో మాట ఇచ్చారో ఆ చోటు ఇప్పుడు నీళ్లలో ఉంది. వాళ్లు షెల్టర్ ముందు కూడుకుంటారు. ఈ నెల 15 ఆదివారం, పొద్దున తొమ్మిది గంటలకు.

అవతలి ఊరి పెద్దలను కూడా కృష్ణయ్య ఆ రోజే పిలిచాడు, గోడ పొడిగింపుకు వాళ్ల ఒప్పుదల కోసం. మీ సంగతి ఇంకా ఆయనకు చెప్పలేదు. నోటుబుక్కు నేను తెస్తాను.

మా ఇంట్లో దిగాల్సిన పని లేదు. కాకినాడలో లాడ్జీలున్నాయి.

దయానందం


చిన్న మంగళారం.
డిసెంబర్ 3, 2000

మాస్టారుకు,

ఆ రోజు షెల్టర్ ముందు నేను చెప్పినదంతా వివరంగా రాసి, సంతకం చేసి, నోటరీ ముద్ర వేయించి ఇందులో పెట్టాను. ఇళ్ల స్థలాల కోసం కృష్ణయ్య గారు ఎక్కడ చూపించాలన్నా చూపించుకోవచ్చు. పిలిస్తే ఎక్కడికైనా వచ్చి సాక్ష్యం చెబుతాను.

ఫామ్‌హౌస్ పని మానేశాను. గోడలో కొంత తీసేసి వాగుకు దారి ఇద్దామని యజమానిని అడిగాను. "నా భూమిలో నేను కట్టుకున్న. ఆయన కూడా కట్టుకోమను" అన్నాడు. భిక్షం కట్టలేడు. పోయిన వారం ఆ ఎకరన్నర అదే యజమానికి అమ్మేశాడు. ఇప్పుడు ఆ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. నేను అటు వెళితే లేచి నిలబడుతున్నాడు. వద్దన్నా వినడం లేదు. అది తట్టుకోలేక చుట్టూ తిరిగి వేరే దారిన వెళుతున్నాను.

మా ఊరికి దగ్గరలోనే ఉన్న ప్రొద్దుటూరులో చిన్న చిన్న ఇళ్ల పనులు చూసుకుంటున్నాను.

ఆ రోజు సత్తమ్మక్క ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. ఒక్కసారి కూడా తలెత్తలేదు. ఆమె ఇంటికి వచ్చిందా, అదొక్కటి రాయండి.

ప్రభాకర్


నూకలపాలెం.
ఫిబ్రవరి 11, 2001

ప్రభాకర్‌కి సత్తమ్మ రాసేది.

నేను అయిదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో. మాస్టారు నీకు జవాబు రాద్దామని మూడుసార్లు కాగితం తీశారు, మూడుసార్లు మడిచి పెట్టేశారు. నువ్వంటే ఆయనకి ప్రేమ పోలేదు. అందుకే రాయలేకపోతున్నారు. నాకా ఇబ్బంది లేదు.

ఆ రోజు నేను తలెత్తలేదన్నావు. నేను నీ కాళ్లు చూస్తున్నాను. ఎవరూ కుర్చీ వేయలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. గంటసేపు నిలబడే చెప్పావు. మధ్యలో మా వదిన లేచి పిడికెడు ఇసుక నీ మీద కొట్టింది. నువ్వు కళ్లు తుడుచుకుని మళ్లీ ఆపిన చోటి నుంచి మొదలుపెట్టావు. మాస్టారికి ఏమీ తెలీదని రెండుసార్లు చెప్పావు. మొదటిసారి నేను నమ్మలేదు. రెండోసారి ఆయన ముఖం చూశాను. నమ్మాను. ఆ సాయంత్రమే మూట పట్టుకుని ఇంటికి వచ్చేశాను. నువ్వు అడిగింది ఇదే కాబట్టి ముందు ఇది రాశాను.

నువ్వు వెళ్లిపోయాక జరిగింది నీకు తెలీదు. అవతలి ఊరి పెద్దలు ఆరుగురూ అక్కడే ఉన్నారు కదా. వాళ్లలో ఒకాయన మా అన్నయ్యను, "ఇంతా విన్నాక కూడా సంతకం పెట్టమంటావేటి కృష్ణయ్యా?" అన్నాడు. గంగమ్మపేట కుర్రాళ్లు లేచారు. గోడ వస్తే మన మిగిలిన ఇళ్లయినా నిలబడతాయి, వాళ్ల సంగతి మనకెందుకు అన్నారు. అది అబద్ధం కాదు. మా అన్నయ్య ఆ దరఖాస్తు కాగితాన్ని మడతపెడుతూ విప్పుతూ కూర్చున్నాడు. చివరికి మాస్టారి చేతికిచ్చేసి, "నన్ను చేసినట్టు నేను ఇంకొకళ్లని చేయలేనండి" అన్నాడు. ఆ మాటకి ఊళ్లో సగం మంది ఇప్పటికీ ఆయనతో మాట్లాడరు. పోయిన నెల ఇంకో ఏడు ఇళ్లు పడ్డాయి. ఆ ఏడు ఇళ్లవాళ్లు నీ పేరు కాదు, మా అన్నయ్య పేరు చెప్పి తిడుతున్నారు. నువ్వు అక్కడ హాయిగా ఉన్నావని నేననను. కానీ నువ్వు నిజం చెప్పి రైలెక్కావు. ఆ నిజం మోస్తున్నది ఆయన.

నీ నోటరీ కాగితం పనికొచ్చింది. రెండు మైళ్లు లోపలికి, మెట్ట మీద అందరికీ స్థలాలు చూపించారు. పాకలు వేసుకుంటున్నారు. వేటకు వెళ్లాలంటే వలలు భుజాన వేసుకుని రెండు మైళ్లు నడవాలి. ముసలాళ్లు వేట మానేశారు. మా వదిన అక్కడ ముగ్గు వేస్తూ, సముద్రం చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదంది.

మా గోడ కూడా మధ్యలో కుంగుతోంది. కింద ఇసుక పోతే రాయి మాత్రం ఎక్కడ నిలబడుతుంది? మాస్టారు బడిని లోపలికి మార్చమని అర్జీ పెట్టారు. ఈసారి ఎవర్నీ సలహా అడగలేదు.

నీ మీద నాకు కోపం తగ్గలేదు. తగ్గినట్టు రాస్తే అదో అబద్ధం అవుతుంది. నీకు జ్వరం వచ్చినప్పుడు నువ్వు కలవరించేవాడివి. "అక్కా, కర్రలు పోతున్నాయి, కర్రలు పోతున్నాయి" అనేవాడివి. ఏం కర్రలో నాకు అర్థం కాక, పోతే పోనీలే నాన్నా అని తల నిమిరేదాన్ని. ఇప్పుడు అర్థమైంది. స్పృహ లేనప్పుడు చెప్పావు, స్పృహ వచ్చాక దాచావు. అది నాకు మింగుడు పడడం లేదు.

ఇంక ఉత్తరాలు వద్దు. ఎప్పుడైనా ఇటువైపు వస్తే ఇంటికి రా. అన్నం పెడతాను, మంచం వేస్తాను, అందులో లోటు చేయను. మాస్టారు కూడా నిన్ను చూస్తే సంతోషిస్తారు. కానీ నాకేమీ చెప్పకు. వాన వస్తుందని కూడా చెప్పకు. నువ్వు అన్నావంటే నేను బయటికి వెళ్లి ఆకాశం చూసి రావాలి. ఆ ఓపిక నాకు లేదు.

సత్తమ్మ